ముళ్ల కళ్లెం

శోణగిరి యువరాజు నీలకేతు ఇనుపవాడ పొలిమేర దాటేసరికి జాము పొద్దెక్కింది. పక్కన మేలుజాతి గుర్రం ఉండి కూడా అతడు కాలినడకనే వస్తున్నాడు. ఒంటిమీద గుర్రాల బేహారి దగ్గర పనిచేసే నౌకరు వేషం. మోకాళ్ల దాకా మట్టి పంచె, చిరుగుల తలగుడ్డ, ముఖానికి మసి. గుర్రం పేరు మేఘమాల. తొలకరి మబ్బు రంగు ఒళ్లు, నుదుట తెల్లని చుక్క, నడిస్తే నేల నొచ్చుకోదన్నంత సుకుమారం. ఇప్పుడు దాని పెదవుల చివర నెత్తురు ఎండి నల్లగా అట్టకట్టింది. మూడు రోజులుగా గడ్డిపరక కొరకలేదు. నీలకేతు చెయ్యి కొంచెం పైకి లేస్తే చాలు, తల అటు తిప్పేసుకుంటోంది.

దానికి కారణం అతనికి తెలుసు. దారి పొడవునా దాని కళ్లలోకి చూడలేక మట్టికేసి చూస్తూ నడిచాడు.

ధూమ్రజటుడనే మాంత్రికుడు శోణగిరి ప్రభువు కంఠస్వరాన్ని మంత్రబలంతో అపహరించి ఒక శంఖంలో బంధించాడు. సంగతి బయటపడితే రాజ్యం అల్లకల్లోలమవుతుందని మహామంత్రి, ప్రభువుకు విషజ్వరమని చాటించి ఆయనను అంతఃపురం దాటనివ్వలేదు. మాంత్రికుడు ఆ శంఖం నుంచి స్వరాన్ని కొంచెం కొంచెంగా గవ్వల్లో నింపి తన దళపతులకు పంచిపెట్టాడు. గవ్వను పెదవులకు ఆనించి ఎవడు గుసగుసలాడినా ఆ మాట సాక్షాత్తు ప్రభువు కంఠంతో నాలుగు దిక్కులా మోగుతుంది. రాబోయే పున్నమినాడు ఆ కంఠంతోనే శోణగిరి కోట తలుపులు తెరిపించాలని వాడి ఎత్తు.

శంఖాన్ని తెచ్చేందుకు నాగకంఠ దుర్గానికి పోయింది ఇద్దరే. ఒకడు నీలకేతు. రెండోవాడు రాజాశ్వశాలకు పెద్ద, నీలకేతుకు నాలుగేళ్ల ప్రాయంలో గుర్రమెక్కడం నేర్పిన ముసలి సాహిణి గుండన్న. ఇద్దరూ కలిసి శంఖాన్ని సంపాదించారు కూడా. తిరుగుదారిలో భైరవ కనుమ దగ్గర అంతా తలకిందులైంది. ఒక్క గుర్రం పట్టే ఇరుకు దారి, నడిమధ్య రెండు బారల గండి, వెనక శత్రువుల డెక్కల చప్పుడు. ముందున్న మేఘమాల గండిని కంటితో కొలుచుకోవడానికి అరక్షణం ఆగింది. ఆ అరక్షణం నీలకేతు ఓర్చుకోలేకపోయాడు. రెండు చేతులా పగ్గాలు లాగి కాళ్లతో పొడిచాడు. నోట్లో ఉన్నది ముళ్ల కళ్లెం. మేఘమాల ఆర్తనాదం చేస్తూ వెనకకాళ్లమీద లేచి, గిర్రున తిరిగి, వెనకే వస్తున్న గుండన్న గుర్రాన్ని గుద్దేసింది. ముసలివాడు శంఖంతో సహా శత్రువుల మధ్య పడ్డాడు. మేఘమాల మళ్లీ తిరిగి, ఒక్క దూకులో గండి దాటి నీలకేతుతో పరుగుతీసింది.

"దాని నోరు చూడు బాబూ! ఇనుపవాడలో మా బాచమ్మ దగ్గరికి పో!" అన్నదే అతని చివరి కేక.

ఆ కళ్లెం వద్దని గుండన్న బయలుదేరేముందే చెప్పాడు. కాని బంగారు పొన్నులు తాపిన ఆ కళ్లెం వేస్తే మేఘమాల మెడ విల్లులా వంచి నాట్యమాడుతున్నట్టు నడుస్తుంది. రాజవీధిలో మేడలమీది జనం వంగి చూస్తారు. "గుర్రం మాది, ఇష్టం మాది" అన్నాడు నీలకేతు, అశ్వశాలలో పదిమంది వింటూండగా. గుండన్న తల వంచుకుని జీను బిగించాడు.

ఇనుపవాడ కమ్మరుల ఊరు. నాలుగు కొండల మధ్య మూకుడులా ఉన్న లోయలో నూరు కొలుములు ఒక్కసారి బుసకొడుతున్నాయి. సుత్తుల చప్పుడు కొండలకు కొట్టుకుని తిరిగివచ్చి మళ్లీ సుత్తుల మీదే పడుతోంది. పొగ వెనక సూర్యుడు కాగిన రాగిబిళ్లలా ఎర్రగా వేలాడుతున్నాడు. వీధి కాలువల్లో పారే నీళ్లు తుప్పు రంగు. ఆ ఊళ్లో పసిపిల్లల మొలతాళ్లకు కూడా ఇనుపగజ్జెలే.

బాచమ్మ కొలిమి వీధి చివర ఉంది. లోపలికి తొంగిచూసిన నీలకేతు కాసేపు అలాగే నిలబడిపోయాడు. మూడు గోడలనిండా కళ్లేలు. ఇనుపవి, ఇత్తడివి, రాగిపూత వేసినవి, వేలంత లావువి, చీపురుపుల్లంత సన్ననివి, పాముల్లా మెలిదిరిగినవి, వంకీలు తిరిగిన కొమ్మలతో వేలాడేవి. వాటి మధ్య ముప్పై ఏళ్ల మనిషి ఒకామె తోలుపట్టా కట్టుకుని, చీరచెంగు నడుముకు బిగించి, నిప్పులో కడ్డీ తిప్పుతోంది. ముంజేతులనిండా కాలిన మచ్చలు. ముక్కుకు చిన్న రాగి బేసరి. ఆ ముక్కు, ఆ కనుబొమలు అచ్చంగా గుండన్నవే. నీలకేతు గడప దగ్గరే ఆగాడు.

"బాచమ్మగారంటే…"

"నేనే. గారూ గీరూ ఏంటికి, పని చెప్పు" అంటూ తలెత్తింది. చూసింది అతన్ని కాదు, గుర్రాన్ని. చేతిలోని పట్టకారు కింద పెట్టేసి బయటికి వచ్చింది. ఎదురుగా పోకుండా పక్కనుంచి నడిచి, మెడమీద అరచెయ్యి ఆనించి, అది ఊపిరి వదిలేదాకా కదలకుండా నిలబడింది. ఆ తర్వాతే పెదవి పైకెత్తింది.

ఎండిన నెత్తురు పక్కనే వేలితో తడిమింది.

"ఎవురయ్యా ఈ పాపం చేసింది?"

"మా యజమాని మొన్ననే కొన్నాడమ్మా. అంతకుముందు ఎవరో రాజకుమారుడిదట" అన్నాడు నీలకేతు. మాట తడబడలేదు. తడబడి ఉంటే బాగుండేదని అప్పుడే అనిపించింది.

"రాజకుమారుడా! అదీ సంగతి. వాళ్లకు గుర్రం మెడ ఒకటే కనబడతాది. నోరొకటుందని ఎవురైనా చెప్తే గదా! శోణగిరి కోటలో మా నాయన సాహిణి గుండన్న ఉండాడు, ఎరుగుదువా?"

"ఎరుగుదును. ఆయనే నీ దగ్గరికి పొమ్మన్నాడు."

ఆమె ముఖం ఒక్కసారి విప్పారింది. "మా నాయనే పంపినాడా? బాగుండాడా? మోకాళ్ల నొప్పులు తగ్గినాయంటనా?"

"బాగున్నాడు" అన్నాడు నీలకేతు.

చూపు గుర్రం కాళ్లమీదికి దించుకున్నాడు.

బాచమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి అతని చేతులమీద పోసింది. "గుర్రాలు తోలుకునేవాడివి, నీకు తెలిసుండాల. రా, దీని నోట్లో వేలు పెట్టు. కొరుకుతాదని భయపడొద్దు, ఇక్కడ పండ్లు ఉండవు."

నీలకేతు పదహారేళ్లుగా గుర్రాలమీద తిరుగుతున్నాడు. ఒక్కనాడూ ఒక్క గుర్రం నోట్లోనూ వేలు పెట్టలేదు. ముందుపళ్లకూ దవడపళ్లకూ నడుమ ఖాళీ చిగురు తగిలింది. పలచని తోలు, దాని కింద కత్తి వెన్నులా సన్నని ఎముక. ఆ చిగురు మీద రెండుచోట్ల గుంటలు పడ్డాయి. నాలుక అంచులు చీలి వాచి ఉన్నాయి. మేఘమాల వణికింది గాని వేలు కొరకలేదు.

"కళ్లెం కడ్డీ కూర్చునేది ఈ చిగురు మీదే" అంది బాచమ్మ. "కింద ఎముక, నడుమ నాలుక, మీద అంగిలి. ఈ మూడిట్లో చోటెంతుందో చూడకుండా కళ్లెం కొనేది, కాలు చూడకుండా చెప్పులు కుట్టించినట్టు. దీని నాలుక లావు, అంగిలి పల్లం తక్కువ. అంటే మామూలు రెండు ముక్కల కడ్డీ కూడా దీనికి పనికిరాదు. పగ్గం లాగితే అది అడకత్తెర మాదిరి మడిచి అంగిలికి గుచ్చుకుంటాది."

గోడమీద నుంచి, కడ్డీకి రెండు వైపులా కిందికి వేలాడే జానెడు కొమ్మలున్న కళ్లెం ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది. "ఇది ఏ గుర్రానికి?"

"దూకుడు గుర్రానికి" అన్నాడు నీలకేతు. అందరూ అలాగే అనేవారు.

బాచమ్మ నవ్వింది, సంతోషంతో కాదు. "దూకుడుదో, నొప్పికి పరుగెత్తేదో ముందు తెలుసుకోవాల గదా! ఒంటికి ముల్లు గుచ్చుకుంటే దూరంగా పోతాం. ముల్లు నోట్లోనే ఉంటే అది యాడికి పోతాది? పోతానే ఉంటాది. జనం ఏమో, అబ్బా ఎంత దూకుడు అని ఇంకొంచెం గట్టి ఇనుము వేస్తారు. ఈ కొమ్మలు చూడు. నువ్వు వేలితో లాగితే దవడకు చెయ్యంత బరువు పడతాది. వేలు నెమ్మదైనదైతే ఇది చెడ్డది కాదు. చెయ్యి మొరటైతే వెన్నపూస కడ్డీ కూడా రంపమే."

మేఘమాల జీనుకు వేలాడుతున్న ముళ్ల కళ్లేన్ని అప్పుడు చూసిందామె. విప్పి చేతిలోకి తీసుకుంది. "కాలు చాపు."

"ఎందుకు?"

"చాపు నాయనా."

మోకాలి కింద కండలేని ఎముక మీద కడ్డీ ఆనించి, పగ్గాలు రెండు వేళ్లతో పట్టుకుని కొంచెం వెనక్కి తీసింది. నీలకేతు కళ్లముందు మెరుపు మెరిసినట్టయింది. యుద్ధంలో రెండు కత్తివేట్లు తిన్నవాడు, అయినా నోటినుంచి మూలుగు వచ్చేసింది.

"నేనింకా లాగలేదు. బరువు ఆనించినా, అంతే" అంది బాచమ్మ. "ఆ రాజకుమారుడు రెండు చేతులా, ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగినాడు. ఆ గాట్ల లోతు చూస్తే తెలుస్తా ఉంది. ఇంకొకటి చెప్పనా? ఒకసారి కాదు. పాత మచ్చల మీద కొత్తవి పడినాయి. వాడికిది రోజూ పనే."

నీలకేతు కాలి ఎముకమీద మూడు చుక్కల నెత్తురు ఉబికింది. అతడు దాన్ని తుడుచుకోలేదు. ఊరేగింపులన్నీ ఒక్కొక్కటిగా గుర్తుకొచ్చాయి. వసంతోత్సవం, విజయయాత్ర, పొరుగు రాజు వచ్చిన రోజు. మేఘమాల నాట్యం చేస్తోందని జనం చప్పట్లు కొట్టిన ప్రతిసారీ అతడు పగ్గం ఇంకొంచెం బిగించాడు.

బాచమ్మ ఆ కళ్లేన్ని ఇనుము చల్లార్చే నీళ్లతొట్టిలోకి విసిరికొట్టింది. దర్భతాడుతో మేఘమాల నోటి వెడల్పు కొలిచి రెండు ముడులు వేసింది. "మూడు ముక్కల కడ్డీ చేస్తా. నడిమి ముక్క చింతగింజ మాదిరి నున్నగా ఉంటాది, నాలుక మీద అదుముకోకుండా పండుకుంటాది. పెదవికి అటూ ఇటూ అరవేలు వదలాల. కాని పక్షం దినాల దాకా దీని నోట్లో ఏదీ పెట్టొద్దు. అందాక ఇదిగో" అంటూ ముక్కుదూలం మీద ఆనే మెత్తని తోలుపట్టీ ఒకటి తెచ్చి తొడిగింది. దానికే పగ్గాలు కట్టింది. "నోట్లో ఇనుము లేదు. అంటే దీన్ని బలంతో నిలబెట్టలేవు. నమ్మించుకోవాల."

అంతలో వీధి మొదట నగారా మోగింది.

ఎర్ర తలపాగాల రౌతులు పన్నెండుమంది వీధిలోకి దూసుకొచ్చారు. పాగాలు శోణగిరివే, ముఖాలు మాత్రం కావు. ముందున్నవాడిని చూడగానే నీలకేతు గుర్తుపట్టాడు. ధూమ్రజటుడి దళపతి వృకముఖుడు. తోడేలు మూతిలా ముందుకు సాగిన దవడ, పసుపుపచ్చని కళ్లు, మెడలో వెండి గొలుసు, గొలుసుకు ఒక గవ్వ. వాడు గవ్వను పెదవులకు ఆనించి ఏదో గొణిగాడు.

మరుక్షణం ఆ వీధినిండా శోణగిరి ప్రభువు కంఠం మోగింది.

"ప్రజలారా! మా కుమారుడు నీలకేతు పిరికిపంద. శత్రువును చూసి పారిపోయాడు. కన్నతండ్రిలా పెంచిన సాహిణి గుండన్నను వైరుల చేతికి వదిలి తన ప్రాణం దక్కించుకున్నాడు. వాడు మా కొడుకు కాడు. నోరు చీలిన మబ్బురంగు గుర్రంతో కనిపిస్తే పట్టి అప్పగించండి."

నూరు సుత్తులూ ఆగిపోయాయి. మాట వృకముఖుడిదే. కాని గొంతు తండ్రిది. చిన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని కథలు చెప్పిన గొంతు. అన్నిటికంటే దారుణం, అందులో అబద్ధమని చెప్పడానికి అతనికి ఒక్క మాటా దొరకలేదు.

బాచమ్మ మేఘమాలను చూసింది. తర్వాత అతని చేతులు చూసింది. ఆఖరికి ముఖం చూసింది.

"బాగున్నాడంటివే" అంది చాలా మెల్లగా.

నీలకేతు నేలమీద మోకరించాడు. "నేనే. ఆ గవ్వలోది మాంత్రికుడు దొంగిలించిన మా తండ్రి గొంతు, కాని మాట నిజం. గుర్రం నాది. చేతులు నావి. మీ నాన్న పట్టుబడ్డది నావల్లే. బతికే ఉన్నాడు, తాళ్లతో కట్టి తీసుకుపోతుండగా చూశాను. మేఘమాల నొప్పితో నన్ను లాక్కుపోయిందని దారంతా నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. అదీ నిజం కాదు. కోసు దూరం పోయాక అది తనంతట తానే ఆగింది. వెనక్కి తిప్పగలిగి ఉండి తిప్పనిది నేను."

బాచమ్మ చెయ్యి సుత్తి మీద పడింది. ఆ సుత్తి లేస్తే అడ్డుకోకూడదనుకున్నాడు నీలకేతు. లేవలేదు. ఆమె కళ్లు తుడుచుకుని, గోడకున్న మరో తోలుపట్టా తీసి అతని ముందు పడేసింది.

"కట్టుకోండి. తమర్ని వాళ్లకు అప్పగిస్తే మా నాయన తిరిగి రాడు."

అంతవరకూ 'నాయనా', 'నువ్వు' అన్న మనిషి 'తమరు' అనేసరికి నీలకేతుకు సుత్తిదెబ్బే నయమనిపించింది. బాచమ్మ మేఘమాలను బొగ్గుల కొట్టం వెనక్కి తోలి తిరిగి వచ్చేసరికి వృకముఖుడు గడప దగ్గరే ఉన్నాడు.

"ఓసి కమ్మరిదానా! ఈ దరిద్రపు గుర్రం పొద్దున్నుంచి తల విసురుతోంది. ఇంతకంటే గట్టి కళ్లెం ఉంటే వెయ్యి!"

"మా పనివాడు చూస్తాడు దొరా" అంటూ నీలకేతు వైపు తిరిగింది బాచమ్మ. "ఏరా, నిలబడినావే? నోరు చూసి చెప్పు!"

నీలకేతు తల వంచుకుని గుర్రం దగ్గరికి వెళ్లాడు. గోధుమరంగు పోతుగుర్రం, ఒళ్లంతా చెమట, నురగ. వేళ్లతో పెదవి మూలలు తడిమాడు. పుండ్లు. గడ్డం కింద గొలుసు మెలిపడి చర్మంలోకి దిగింది. వృకముఖుడు జీను మీద నుంచి ముందుకు వంగి చూస్తున్నాడు. గవ్వ నీలకేతు ముఖానికి జానెడు దూరంలో ఊగుతోంది.

గుర్రం గడ్డం కింది గొలుసు అతని పిడికిట్లో ఉంది. ఒక్క గుంజు గుంజితే గుర్రం నిట్టనిలువునా లేస్తుంది, వృకముఖుడు వెల్లకిలా పడతాడు, తండ్రి గొంతులో ఒక తునక చేతికి వస్తుంది. నీలకేతు వేళ్లు బిగించాడు. గుర్రం కన్ను తెల్లగా తిరిగింది. ముందే తెలిసిన నొప్పికోసం అది కాచుకుంది.

వేళ్లు వాటంతటవే వదులయ్యాయి. వృకముఖుడు వెనక్కి వాలాడు. అదను తప్పిపోయింది.

"కడ్డీ పొట్టిది దొరా" అన్నాడు నీలకేతు, గొంతు మార్చి. "పెదవుల మూలలు దాంట్లో పడి నలుగుతున్నాయి. గొలుసు మెలి తిరిగింది. గట్టిది వేస్తే ఇంకా విసురుతుంది. అరవేలు వెడల్పైంది, నున్ననిది కావాలి."

"అయితే మార్చి తగలెయ్యి!" అని వాడు కిందికి దూకాడు. నీలకేతు గుర్రం తలకున్న కళ్లెం విప్పి, గోడమీద నుంచి సరైన కొలత కడ్డీ వెతికే నెపంతో దాన్ని భుజాన వేసుకున్నాడు. నోరు తేలికైన గుర్రం నాలుక చప్పరించి, నేరుగా నీళ్లతొట్టి దగ్గరికి పోయి ముట్టె ముంచింది. నీళ్లు కదిలాయి. అడుగున ఏదో పచ్చగా తళుక్కుమంది.

వృకముఖుడు తొట్టిలో చెయ్యి పెట్టి ముళ్ల కళ్లేన్ని పైకి తీశాడు. బంగారు పొన్నుమీద శోణగిరి రాజముద్ర, జంట సింహాలు.

"పట్టుకోండి వీణ్ణి!"

ఆ కేక ముగిసేలోగా బాచమ్మ కొలిమితిత్తిని కాలితో బలంగా తొక్కింది. నిప్పురవ్వలు జల్లున లేచి వృకముఖుడి గడ్డాన్ని అంటుకున్నాయి. వాడు ముఖం కప్పుకుని కేకలు వేస్తుండగా ఆమె వాడి గుర్రం జూలు పట్టుకుని ఒక్క ఎగురులో ఎక్కేసింది. కళ్లెం లేదు, పగ్గం లేదు. సాహిణి కూతురు ఒళ్లు వంచిన వైపుకు ఆ గుర్రం తిరిగింది. నీలకేతు కొట్టం వెనక్కి పరుగెత్తి మేఘమాల మీద వాలాడు. ఇనుపచిట్టెం గుట్టల మీదుగా రెండు గుర్రాలూ లోయ దిగువకు దూకాయి. వెనక పదిమంది రౌతులు, మిగిలినవాణ్ణి దింపి ఆ గుర్రమెక్కిన వృకముఖుడు, ఈదురుగాలిలా తరుముకొచ్చారు.

బాణం ఒకటి నీలకేతు తలగుడ్డను ఎగరగొట్టింది. మరొకటి బాచమ్మ చెవి పక్కనుంచి పోయింది. బండలు, ముళ్లపొదలు, ఎండిన వాగులు కళ్లముందు చుట్టచుట్టుకుపోతున్నాయి. ఒక మలుపులో రెండు గుర్రాలూ పక్కపక్కకు వచ్చాయి.

"ఆ గవ్వ చేతికందేంత దూరాన ఉండె. నేను చూసినా. ఏంటికి వదిలేసినారు?" అని అరిచింది బాచమ్మ.

"గుర్రం గొలుసు పట్టుకున్నాను. లాగలేకపోయాను!"

"మూడు దినాల ముందు లాగలేకపోయి ఉంటే బాగుండు" అంది. గుర్రాన్ని ముందుకు ఉరికించింది.

లోయ చివర తామ్రవాహిని. ఎగువన కురిసిన వానలకు నది ఎర్రగా పొంగి, చెట్ల మొదళ్లను పుల్లల్లా దొర్లించుకుంటూ రంకెలు వేస్తోంది. బాచమ్మ ఎక్కిన పోతుగుర్రం ఊపులోనే నీళ్లలోకి దూకేసింది. మేఘమాల మాత్రం గట్టున ఆగింది.

వెనక డెక్కల చప్పుడు దగ్గరవుతోంది. ఒక బాణం ఇసుకలో దిగింది. నీలకేతు మడమలు వాటంతటవే బిగుసుకున్నాయి. వాటిని బలవంతాన వదులు చేసుకున్నాడు. పగ్గాలు మెడమీద వదిలేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అడగడానికి అతని దగ్గర మాట లేదు, అడిగే ముఖమూ లేదు. మేఘమాల నీళ్లను వాసన చూసింది. ఎదుటి గట్టును చూసింది. మరో బాణం దాని తోకలోంచి దూసుకుపోయింది. అప్పుడది చెవులు ముందుకు నిక్కించి, తనకు నచ్చిన చోట, తన లెక్క ప్రకారం నదిలోకి దిగింది.

నడిమధ్యలో దుంగ ఒకటి వచ్చి నీలకేతు భుజాన్ని తాకింది. సుడి ఇద్దరినీ రెండుసార్లు తిప్పింది. మేఘమాల ముక్కు పైకెత్తి ఈదుతూనే ఉంది. చివరికి డెక్కల కింద గులకరాళ్లు తగిలాయి. బాచమ్మ అప్పటికే గట్టెక్కి నిలబడి ఉంది. ఆమె చూపు వెనక్కి కాదు, ముందుకుంది.

తంగేడు పొదల వెనకనుంచి విలుకాళ్ల వరుస లేచింది. ఎర్ర తలపాగాలు. ఈసారి ముఖాలూ శోణగిరివే. నిన్న సాయంత్రం వినిపించిన ప్రభువాజ్ఞ మేరకు సరిహద్దు సైన్యం రేవును కాపలా కాస్తోంది. వాళ్ల ముందు నెరసిన మీసాల దళవాయి కేశినాయకుడు గుర్రంమీద ఉన్నాడు. నీలకేతును చిన్నప్పుడు భుజాలమీద ఎక్కించుకుని కోటగోడలు చూపించినవాడు.

"యువరాజా, అక్కడే ఆగు!" అన్నాడు కేశినాయకుడు. "ప్రభువుల మాట విన్నాం. పెద్దసాహిణిని వైరుల చేతిలో వదిలి పారిపోయావట. నిజమా?"

ఇన్ని వందల కళ్లముందు, తాను పేరుపేరునా ఎరిగిన సైనికుల ముందు, కాదనడానికి ఒక్క మాట చాలు. ఆ గొంతు మాంత్రికుడు దొంగిలించిందని చెబితే చాలు, ఎవరూ మిగతాది అడగరు. నీలకేతు బాచమ్మ వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది.

"నిజమే" అన్నాడు. "నా తప్పువల్ల ఆయన పట్టుబడ్డాడు. వెనక్కి పోగలిగి కూడా పోలేదు."

వరుసలో గుసగుస పుట్టి ఆగిపోయింది. కేశినాయకుడి ముఖం ఒక్కసారి వడలింది. "అబద్ధమని చెప్తావనే ఇంతదాకా వచ్చాను బాబూ" అన్నాడు.

అవతలి గట్టునుంచి, నది హోరును మించి, ప్రభువు కంఠం ఉరిమింది. "ఇంకా చూస్తారేం? వాడు ద్రోహి! వేయండి బాణాలు!"

కేశినాయకుడి కుడిచెయ్యి మెల్లగా పైకి లేచింది. వింటినారులన్నీ చెవులదాకా సాగాయి. నీలకేతు గుర్రం దిగి, పగ్గాలు బాచమ్మ చేతిలో పెట్టాడు. ఇసుకమీద ఒంటరిగా పక్కకు నడిచాడు, గురి తప్పిన బాణం కూడా మేఘమాలకు తగలనంత దూరం నడిచి, ఆగి, వాళ్లవైపు తిరిగాడు.

"నాయకా! నా సంగతి నువ్వు విన్నంతా నిజం. వేసేముందు ఒక్కటి చెప్పు. మా తండ్రి మాట్లాడుతుంటే ఆయన నోరు కదలడం నువ్వు చివరిసారి చూసి ఎన్నాళ్లయింది?"

కేశినాయకుడు నదికి అవతల ఉన్న ఎర్ర తలపాగాల వైపు చూశాడు. వాళ్లలో ప్రభువు కనబడలేదు. మళ్లీ యువరాజు వైపు చూశాడు. ఎత్తిన చెయ్యి ఇంకా ఎత్తే ఉంది. నూరుమంది విలుకాళ్ల కళ్లూ ఆ చేతిమీదే ఉన్నాయి.